చప్పుడు చెయ్యని రాట్నం

మొన్న వడుకు పనిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా రాట్నాలు చూడాలని మనుబోలు దాకా వచ్చింది. హైవే మీద బస్సు దిగి ఎండలో నడిచొచ్చిందే పాపం అని నేను వంటింట్లో మజ్జిగ కలుపుతుంటే, ఈలోగా సంచిలోంచి చిన్న నూనె సీసా తీసి మూడో రాట్నం మీదికి వంగింది. గుమ్మంలోంచి చూసి నేను అరిచిన అరుపుకి సీసా ఆ పిల్ల చేతిలోంచి, మజ్జిగ గ్లాసు నా చేతిలోంచి ఒకేసారి కింద పడ్డాయి.

"కిర్రుమంటోంది మేడమ్. రెండు చుక్కలు వేస్తే పోతుందని..." అని నీళ్ళు నమిలింది.

పోతుందని నాకు తెలియదా? ముప్పై రెండేళ్ళు వడుకు నేర్పి రిటైరైనదాన్ని. ఇరుసుకి నూనె వెయ్యాలని తెలియకుండానే ఇంతకాలం జీతం తీసుకున్నానా? వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే జబ్బు. ఒకరు గుడ్డముక్కతో దుమ్ము తుడవబోతారు. ఒకరు వార్నిష్ కొట్టిస్తే మెరుస్తాయంటారు. ఒకాయనైతే ఫోన్లో వీడియో తీసుకుంటూ, "వీటిని రిపేరు చేయించుకోకూడదా అమ్మా, ఇట్లా పాడుపెట్టుకున్నారే" అని మొహం మీదే అడిగాడు. నా ఇంట్లో ఎనిమిది రాట్నాలున్నాయి. ఏడు చప్పుడు చేస్తాయి. ఒకటి కిర్రుమంటుంది, ఒకటి టకటకలాడుతుంది, ఒకటి మూలుగుతుంది. ఎనిమిదోది మాత్రం ఎంత తిప్పినా నోరెత్తదు. దాని దగ్గరికి రాగానే అందరూ "ఇదొక్కటే బాగుంది" అని మెచ్చుకుంటారు. అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పిల్ల బిక్కమొహం చూసి కాస్త చల్లబడి, కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. చెప్పాక అనిపించింది, కొత్తగా పనిలో చేరే పిల్లలందరి కోసం ఇదొకసారి రాసిపెడితే నా గొంతు నొప్పయినా తగ్గుతుందని.

మా నాయన గూడూరులో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మేము దూదేకులవాళ్ళం. నేను బడికెళ్తే జుట్టులో దూది పింజెలు చూసి తోటి పిల్లలు "ముసలమ్మా" అని పిలిచేవాళ్ళు. ఆ ఉక్రోషంతోనే కాబోలు, దూది ఏకే పని వదిలి దూదిలోంచి నూలు తీసే పని నేర్చుకున్నాను. శిక్షణ పూర్తి కాగానే విడవలూరు మండలంలో, సముద్రం వైపున్న ఒక వడుకు కేంద్రంలో టీచరుగా వేశారు. కేంద్రమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఇరవై రాట్నాలు, ఉప్పుగాలికి తుప్పు పట్టి మూతపడని కిటికీలు. వడికేవాళ్ళలో సగంమంది పక్క పాలెం నుంచి వచ్చేవాళ్ళు, చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్ళు.

సముద్రం పక్కన కూర్చుని నూలు వడకమని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళెప్పుడూ వడికి ఉండరు. ఏకిన దూదిని వేలంత లావున చుట్టి పెట్టుకుంటాం, వాటిని ఏకులంటాం. పొద్దున చక్కగా సాగిన ఏకు మధ్యాహ్నం గాలి తిరిగేసరికి తడి పీల్చి ముద్దయిపోయేది. దానికి తోడు చేపల వాసన చేతులు. "సబ్బుతో రెండుసార్లు కడుక్కుని రండి" అని నేను రోజూ అరవడం, "టీచరమ్మకి సముద్రమే పడదు" అని వాళ్ళు రోజూ నవ్వుకోవడం. నేను గట్టి టీచర్నే. పని తెలిసినదాన్నన్న గర్వం కూడా గట్టిగానే ఉండేది.

వాళ్ళలో ఒక అవ్వ ఉండేది. ఆమె మా కేంద్రం రాట్నం ముట్టుకునేది కాదు. తన రాట్నం తనే తెచ్చుకుని షెడ్డులో పెట్టుకుంది. నైలాను వలలు రాకముందు పాలెంలో ఆడవాళ్ళే వలలకు నూలు వడికేవాళ్ళట. అది ఆమె అత్తగారి నాటి రాట్నం. నల్లగా, మోటుగా ఉండేది. వలనూలు వడికిన ఆ చేతులతోనే మా దగ్గర అందరికంటే సన్నపు నూలు తీసేది. అంత సన్నంగా నాకు కూడా రాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడు ఒప్పుకోలేదు.

ఆ రాట్నానికి ఒక రోగం. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా 'టక్' మని కొట్టేది. దాని ఇరుసు కొయ్యది. ఏళ్ళ తరబడి ఒకపక్కే అరిగి కోలగా తయారైంది కాబట్టి చుట్టు పూర్తయ్యేసరికి చక్రం ఒకసారి ఎగిరిపడేది. టక్, టక్, టక్, టక్. అప్పుడు ఆగి, సాగదీసిన దారాన్ని కదురుకి చుట్టుకునేది. మళ్ళీ నాలుగు టక్కులు. పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం దాకా అదే మోత. "అవ్వా, నీ రాట్నం నా తల తినేస్తా ఉండాది" అంటే, "నీ తలకాయ గట్టిదేలే టీచరమ్మా, తరగదు" అనేది. ఆమెకు చూపు మందగించిందని మాకు తెలుసు. ఎంత మందగించిందో తెలియదు. గోడ పట్టుకుని నడిచేది కాదు, ఎవర్నీ చెయ్యి అందించమని అడిగేది కాదు.

ఒకరోజు మేనేజరు గారు కాగితమొకటి పట్టుకుని ఊగిపోతూ వచ్చారు. పై నుంచి తనిఖీ. ప్రతి మనిషీ ఆ వచ్చినాయన ముందు ఒక గంటసేపు వడకాలి. నూలు ఒకే సన్నంగా రాకపోయినా, మాటిమాటికీ తెగినా కార్డు రద్దు. కార్డు లేనివాళ్ళకు షెడ్డులో చోటు లేదు. మా మేనేజరు గారు జన్మలో ఒక్క మూర నూలు వడికిన మనిషి కాదు. ఆయన భయమంతా రాట్నాల మోత గురించే. "అమ్మా, ఆ ముసలామె రాట్నం సంగతేదో చూడండి. ఆయన ముందు అది టక్కుటక్కుమంటే మన పరువు గంగలో కలిసినట్టే" అన్నారు. నాకు కావలసిందీ అదే.

ఆ సాయంత్రం అవ్వ నా బల్ల దగ్గరికొచ్చింది. "టీచరమ్మా, కార్డు పోతే మావోళ్ళు నన్ను ఇంటికాడ ఎండేసిన చేపలకాడ కూచోబెడతారు, కాకుల్ని తోలేదానికి. నలభై ఏళ్ళు నూలు తీసిన చెయ్యి ఇది. కర్ర పట్టుకోని కాకుల్ని తోలే బతుకు నాకొద్దు" అంది.

"నీ నూలుకి వంక పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు. గమ్మునుండు అవ్వా" అన్నాను.

మర్నాడు ఆమె పులికాట్ చెరువు పక్కన బంధువుల ఊళ్ళో గంగమ్మకి పొంగళ్ళని వెళ్ళింది. తనిఖీ రోజు పొద్దున నేరుగా షెడ్డుకే వస్తానంది. నేను వెంటనే గూడూరు నుంచి మా అన్నను పిలిపించాను. అన్న వడ్రంగి. మా కేంద్రం రాట్నాలన్నీ ఆయన చేతిమీదుగానే బాగయ్యేవి. అవ్వ రాట్నం ముందు గొంతుక్కూర్చుని రెండు చుట్లు తిప్పి, మూడో చుట్టుకి ఆపాడు.

"ఇరుసు అరిగింది నిజమే. ఆమెను అడిగినావా?"

"అడిగేదేముంది? అరిగినదాన్ని మారిస్తే వద్దంటాదా?"

"ఆమె వచ్చినాక చేద్దాంలేమ్మే. రాట్నం ఆమెది గదా."

"వచ్చేది తనిఖీ పొద్దున. అప్పుడు చేస్తావా? ఈ పనిలో ఇరవై అయిదేళ్ళ నుంచి ఉండా, నాకు చెప్తావా?"

అన్న ఉలి అందుకున్నాడు. నేను నోరు పెంచితే ఆయన పని చేసుకుపోయే రకం. సాయంత్రానికి కొత్త ఇరుసు వేశాడు, నూనె పట్టించాడు, కదురు సరిచేశాడు. తిప్పి చూశాను. వెన్నలా తిరిగింది. ఈగ వాలిన చప్పుడు కూడా లేదు. ఆ సంతోషంలో వాచ్‌మన్ కాచిన టీ రెండు గ్లాసులు తాగాను.

తనిఖీ రోజు అవ్వ బస్సు దిగి వచ్చేసరికి తనిఖీకొచ్చినాయన అప్పటికే షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అందరి రాట్నాలూ తిరుగుతున్నాయి. అవ్వ తన చోట కూర్చుని ఏకు అందుకుంది. చక్రం ఒక చుట్టు తిప్పి ఆగింది. ఇంకొక చుట్టు తిప్పింది. తల పక్కకు వంచింది.

"టీచరమ్మా, ఇది ఎవురి రాట్నం?"

"నీదే అవ్వా. బాగు చేయించినా. ఎంత మెత్తగా తిరగతా ఉండాదో చూడు."

ఆమె ఏకును వేళ్ళ మధ్య సరిచేసుకుంది. తర్వాత మొదలుపెట్టింది. మొదటి దారం పురి ఎక్కువై మెలికలు తిరిగి తెగింది. రెండోది పురి చాలక ఊడిపోయింది. మూడోసారి తెగింది, నాలుగోసారి తెగింది, ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు. తెగిన దారం కొస ఆమె మోకాలి పక్కనే పడి ఉంది. ఆమె చెయ్యి నేలమీద దానికి అటువైపు, ఇటువైపు, ముందువైపు తడుముతూ పోతోంది. ఆమెకు ఏమీ కనపడదని నాకు అప్పుడు తెలిసింది. దానితోపాటే రెండోది కూడా తెలిసింది. నాలుగు టక్కులు కొట్టాక ఆగి చుట్టుకోవడం ఎందుకో తెలిసింది. నాకు తలనొప్పి తెప్పించిన మోతతోనే ఆమె పురి లెక్కపెట్టుకునేది.

తనిఖీకి వచ్చినాయన చెడ్డవాడేమీ కాదు. "పెద్దావిడకు చెయ్యి పట్టు తప్పింది. పాపం, ఇక విశ్రాంతి ఇవ్వండి. కావాలంటే వచ్చే ఏడు మళ్ళీ కూర్చోవచ్చు" అని మెత్తగానే అన్నాడు. మెత్తగానే కార్డు తీసుకున్నాడు.

నేను అప్పుడు లేచి, తప్పు ఆమె చేతిది కాదు, నాది అని చెప్పి ఉండాల్సింది. చెబితే ఆమె చూపు సంగతి బయటపడుతుందని ఊరుకున్నానని తర్వాత చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. టీచరమ్మ తప్పు చేసిందని ఇరవైమంది ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అంతే.

ఆయన వెళ్ళాక అవ్వ షెడ్డు బయట అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"చూపు పోయి ఆరేండ్లయింది" అంది. "చెప్తే పంపించేస్తారని చెప్పలా. అది నాలుగు కొడితే ఆపి చుట్టేదాన్ని. నాకు తెలిసిన లెక్క అదొక్కటే. పోనీలే, ఆ పాత ఇరుసు యాడ పెట్టినావో తెచ్చి మళ్ళీ యేయించు."

పరుగున లోపలికెళ్ళి వాచ్‌మన్‌ను అడిగాను.

"ఆ కొయ్యముక్కా? మొన్న టీకి పొయ్యిలో పెట్టినా గదా మేడం. మీరు గూడా రెండు గ్లాసులు తాగినారు" అన్నాడు.

మళ్ళీ అన్ననే పిలిచాను. ఆయన "నేను చెప్పలా" అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. కొత్త ఇరుసును ఆకురాయితో ఒకపక్క అరగదీశాడు. చక్రం టక్కుమనలేదు గానీ తాగినవాడిలా తూలింది. మళ్ళీ నున్నటి ఇరుసే వేసి, చుట్టుకొకసారి తగిలి చప్పుడు చేస్తాయని చక్రం ఆకుకి చింతగింజలు కట్టాం. గవ్వ కట్టాం. "పెళ్ళికూతురు గాజులేసుకున్న మాదిరి ఉండాది, తీసెయ్యండి" అంది అవ్వ. నలభై ఏళ్ళు అరిగిన అరుగుదలని ఒక పూటలో చెయ్యడం ఎవరివల్లా కాదు. చివరికి ఆ నోరులేని రాట్నాన్నే ఆమె కొడుకు భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు.

వచ్చే తనిఖీకి ఏడాది టైముంది. అదే మాదిరి కొట్టే రాట్నం ఇంకెక్కడో ఒకటి ఉండకపోతుందా అని వెతకడం మొదలుపెట్టాను. నా రాట్నాల సేకరణ అని మీరంతా గొప్పగా చెప్పుకునేది ఇట్లా మొదలైంది. కళాభిమానమూ కాదు, కాకరకాయా కాదు.

మొదటిది గూడూరులో ఒక నిమ్మకాయల వ్యాపారి గోదాములో దొరికింది. దానికి ఖాళీ గోతాలు తగిలించుకునేవాళ్ళు. ఇప్పటికీ ఎండ పడితే నిమ్మకాయ వాసనేస్తుంది. రెండోదాని మీద విడవలూరులో కోళ్ళు పడుకునేవి. ఏళ్ళ తరబడి కోళ్ళకు వదిలేసిన మనిషి, నేను అడగ్గానే "మా నాయనమ్మ గుర్తమ్మా, ఎట్ల ఇచ్చేది" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గుర్తు మీది రెట్ట గోకడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇక బస్సులో నా అవస్థ చెప్పనక్కర్లేదు. అప్పటికే మనుబోలులో ఇల్లు కట్టుకున్నాం. నెల్లూరులో బస్సు మారాలి. "ఏందమ్మా ఇది, మనిషా, సామానా? దీనికి టికెట్టు యేం కొట్టాల?" అని ప్రతి కండక్టరూ అదే ప్రశ్న. సగం దూరం దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కదురు పక్కవాళ్ళకు గుచ్చుకుని తిట్లు తింటూ వెళ్ళేదాన్ని.

పాలెం చేరేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని ఉండేది. ముందు పరిచిన చేపలు, చేతిలో కర్ర. కాకులు ఆమె కాళ్ళ దగ్గరే దర్జాగా ఎత్తుకుపోతుండేవి. ఆమె గాలిలోకి కర్ర ఊపేది. అది చూసినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించేది. రాట్నం దించి, "అవ్వా, దీని చప్పుడు చూడు. ఇరుసు బిగించమంటావా? వదులు చెయ్యమంటావా? ఈ పక్కకు తిప్పి పెట్టమంటావా?" అని అడిగేదాన్ని. ఆమె నింపాదిగా నాలుగు చుట్లు తిప్పేది.

"ఇది మేక మాదిరి అరస్తా ఉండాది."

ఇంకోసారి, "ఇది ఒక చుట్టుకి రెండుసార్లు కొడతాది. నాకు లెక్క తప్పతాది."

మరోసారి, "కొట్టేది బాగనే కొడతాది గానీ, ఆలస్యంగా కొడతాది. సరేలే, అన్నం తిని పో."

ఎండుచేపలు వేసిన వంకాయ కూరతో అన్నం తిని, రాట్నాన్ని మళ్ళీ మోసుకుని రెండు బస్సులు మారి ఇంటికి. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో మా ఇంట్లోనే చూశాను. ఏడు రాట్నాలయ్యేసరికి మా ఇంటాయన మంచం వరండాలోకి మారింది. "ఎనిమిదోది వస్తే నేను రోడ్డు మీద పడుకోవాల్సిందే" అన్నాడు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఏడాది గడిచిపోయింది. ఆ చప్పుడు దొరకలేదు.

తనిఖీ మళ్ళీ వచ్చింది. అదే మనిషి, అదే కుర్చీ. అవ్వకు కబురు పెట్టడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. తొమ్మిది దాటాక చూస్తే కొడుకు భుజాన రాట్నంతో, కోడలి చెయ్యి పట్టుకుని అవ్వ వస్తోంది. ఆ రాట్నం నేను బాగుచేయించినదే. నేను గుమ్మం దాకా పరుగెత్తాను.

"అవ్వా, వద్దు. అందరి ముందరా మళ్ళీ..."

"నువ్వు పక్కకుండు టీచరమ్మా."

కూర్చుంది. రాట్నాన్ని ఇదివరకటికంటే తన ఒంటి దగ్గరగా లాక్కుంది. చక్రం తిరిగింది, చప్పుడు లేదు. దారం సాగింది. ఆగింది, చుట్టుకుంది. మళ్ళీ సాగింది. గంటసేపట్లో ఒక్కసారి తెగింది. తెగిన కొసను ఒకే చేత్తో, వెతుక్కోకుండా అందుకుంది. తనిఖీ ఆయన ఆ నూలును వేళ్ళ మధ్య జార్చి చూసి, మళ్ళీ చూసి, "ఈమెకు నేర్పిందెవరు?" అన్నాడు.

"మా టీచరమ్మే సార్" అన్నారు మేనేజరు గారు ఛాతీ విరుచుకుని.

ఈసారి నా నోరు పెగిలింది. "కాదు సార్. ఆమెకు నేనేమీ నేర్పలేదు. పోయినేడు ఆమె చెయ్యి పట్టు తప్పలేదు. ఆమెకు చెప్పకుండా రాట్నం మార్చి పాడుచేసింది నేనే" అన్నాను. మేనేజరు గారి మొహం మాడిపోయింది. తనిఖీ ఆయన నన్నొకసారి, అవ్వనొకసారి చూసి, కార్డు మీద సంతకం పెట్టి ఆమె చేతిలో పెట్టాడు. చూపు సంగతి ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. అడగలేదు.

ఆయన బండి కదిలాక అవ్వ పక్కన చతికిలబడ్డాను. "ఎట్ల కుదిరింది అవ్వా?"

"దగ్గరగా కూచుంటే చుట్టుకొకసారి మోచెయ్యి పక్కటెముకకి తగలతాది. నాలుగుసార్లు తగిలితే ఆపేది. అంతే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు రెండో రాట్నం తెచ్చేలోపలే."

నాకు మండిపోయింది. "మరి మిగతా ఆరు? మేక మాదిరి అరస్తాది, ఆలస్యంగా కొడతాది అని ఏడు రాట్నాలు మోయించినావు గదా నాచేత! బస్సుల్లో అందరూ నన్ను ఎంతలేసి మాటలన్నారో తెలుసా?"

అవ్వ నవ్వలేదు. ఏకు చివర తెంపుకుంటూ తాపీగా అంది. "మోసినావు. మోసిన ప్రతిసారీ అడిగినావు గూడా. 'అవ్వా బిగించమంటావా, అవ్వా వదులు చెయ్యమంటావా' అని. అట్ల నన్ను ఎవురూ అడగలా. అడిగించుకోవాలనిపించింది. ముందే ఒక్కసారి అడిగుంటే ఏడూ తప్పేది గదమ్మయ్యా."

నేను ఆమె ఏకులు సర్దిపెట్టి, లేచి నా బల్ల దగ్గరికెళ్ళాను.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆమె నా ఎదురుగానే కూర్చుని వడికింది. చప్పుడు లేకుండా వడికింది. ఆ నిశ్శబ్దమే నాకు పాత మోత కంటే ఎక్కువ తలనొప్పి తెచ్చింది. కిందటేడు ఆమె పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు కొడుకు ఆటోలో రాట్నం తెచ్చి, "టీచరమ్మకే ఇమ్మనింది" అని వరండాలో దించిపోయాడు. అదే ఎనిమిదోది. మా ఇంటాయన రోడ్డు మీద పడుకోలేదు గానీ, మంచం ఇంకొంచెం జరిపాడు.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి నూనె సీసా సంచిలో పెట్టేసుకుంది. వెళ్ళబోతూ ఎనిమిదో రాట్నం దగ్గర ఆగింది. చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"దీన్ని ఒకసారి తిప్పమంటారా మేడమ్?"

తిప్పమన్నాను. చక్రం మెత్తగా తిరిగింది. నేను పక్కన నిలబడి, వినపడని టక్కులను నాలుగు దాకా లెక్కపెట్టి, "చాలు, ఇక ఆపు" అన్నాను.